పర్యావరణ రక్షణలో విశ్వాసం, నైతికత, సియాసత్

భూమి, నీరు, గాలి, పశుపక్ష్యాదుల రక్షణను గూర్చి ముస్లిం రచయితలు గడచిన అరవై ఏండ్లలో వెలువరించిన గ్రంథాలను, ప్రకటనలను, ఫత్వాలను వరుసగా చదివిన వారికి ఒక విశేషం గోచరిస్తుంది. అన్నింటిలోనూ ప్రమాణాలు దాదాపు ఒకటే. మానవుడు భూమిపై ప్రతినిధి అన్న మాట, సృష్టి అంతా ఒక తూకంపై నిలిచి ఉన్నదన్న మాట, దుబారా చేసేవారిని అల్లాహ్ ప్రేమించడన్న మాట ప్రతి రచనలోనూ కనిపిస్తాయి. కాని ఈ ప్రమాణాల నుండి రచయితలు చేరుకొనే నిర్ణయాలు రెండు విధాలు. కొందరి దృష్టిలో ఇది దాసునికీ అతని ప్రభువుకూ మధ్య గల వ్యవహారం. హృదయం బాగుపడితే భూమి బాగుపడుతుంది, ఇందులోకి రాజకీయాలను లాగడం తగదు. మరికొందరి దృష్టిలో ఇది ప్రభుత్వాలు, కంపెనీలు తేల్చవలసిన విషయం. వ్యక్తి నీతికి అందులో చోటు బహు స్వల్పం.

జుమా ఖుత్బాలలో సాధారణంగా వినిపించేది మొదటి అభిప్రాయమే. నీరు వృథా చేయకండి, చెట్టు నాటండి, వీధి శుభ్రంగా ఉంచండి అన్న హితవుతో ప్రసంగం ముగుస్తుంది. ఈ హితవులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే షరీఅత్ ఈ విషయంలో చెప్పినదంతా ఇంతేనా అన్న ప్రశ్నకు సమాధానం వెదకవలసి ఉన్నది.

వేరు చేయాలనే వారి వాదం

రాజకీయాలను దూరంగా ఉంచాలనే వారి వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చరాదు. అందులో మూడు బలమైన అంశాలు ఉన్నాయి.

మొదటిది, సంకల్పానికి సంబంధించినది. ప్రళయం ముంచుకొచ్చిన ఘడియలో సైతం చేతిలో మొక్క ఉన్నవాడు వీలుంటే దానిని నాటివేయాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మొక్క నీడలో ఎవరూ కూర్చోరు, దాని పండు ఎవరూ తినరు. అయినా నాటమన్నారు. ఫలితంతో నిమిత్తం లేని ఈ ఆరాధనా భావాన్ని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ద్వారా పుట్టించలేదు. రెండవది, స్థిరత్వానికి సంబంధించినది. ప్రభుత్వాలు మారుతాయి, వాటితో విధానాలు మారుతాయి. వుజూ చేసేటప్పుడు నీటిని పొదుపుగా వాడే అలవాటు ఎన్నికలను బట్టి మారదు. మూడవది, పక్షపాతానికి సంబంధించినది. ఒక చెరువును కాపాడాలన్న మాట ఒక పార్టీ నినాదంగా మారిన మరుక్షణం ఎదుటి పార్టీవారు ఆ చెరువుకే శత్రువులవుతారు. ధర్మబోధకుడు ఆ తగాదాలో ఒక పక్షాన చేరితే రెండవ పక్షంవారి చెవులకు అతని మాట ఇక చేరదు.

ఈ వాదానికి ఆచరణలోనూ ఆధారం లేకపోలేదు. జాంజిబార్‌కు చెందిన పెంబా ద్వీపం పక్కన మిసాలీ అనే చిన్న దీవి ఉన్నది. ఆ చుట్టుపక్కల పగడపు దిబ్బల వద్ద కొందరు మందుగుండు పేల్చి చేపలు పట్టేవారు. నిషేధాజ్ఞలు వారిని ఆపలేకపోయాయి. 1990 దశకం చివరలో ఉలమా, సంరక్షణ కార్యకర్తలు కలిసి ఖుర్ఆన్ బోధనల ఆధారంగా జాలరులతో మాట్లాడినప్పుడు చాలామంది ఆ పద్ధతిని విడిచిపెట్టారు. సర్కారు మాట వినని వారు అల్లాహ్ మాట విన్నారని ఈ ఉదంతాన్ని రచయితలు తరచుగా ఉదాహరిస్తారు. వారు అంతగా చెప్పని మరొక సంగతి కూడా ఉన్నది. 1998లోనే ఆ దీవి రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడింది. అందులో కొంత భాగంలో వేట పూర్తిగా నిషిద్ధం. బోధన పనిచేసింది, నిజమే. కాని బోధన ఫలానా చోట వల వేయరాదని చెప్పగలగడానికి ఆ ఫలానా చోటుకు ముందుగా ఎవరో ఒకరు హద్దు గీయవలసి వచ్చింది.

ఒక మాట, రెండు అర్థాలు

ఈ చర్చలో సగం చిక్కు భాష వల్ల కలిగినది. తెలుగులో రాజకీయం అనగానే పార్టీలు, పదవులు, ఎత్తులు పైఎత్తులు స్ఫురిస్తాయి. ఊళ్ళలో ఇద్దరి మధ్య తంపులు పెట్టేవాణ్ణి సైతం రాజకీయం చేస్తున్నాడంటారు. ఇటువంటి రాజకీయాన్ని విశ్వాసం నుండి వేరు చేయాలంటే కాదనే ముస్లిం ఉండడు. కాని అరబ్బీలో సియాసత్ అన్న పదం మొదట పశువును సాకడం, మాలిమి చేసి నడపడం అనే అర్థంలో వాడబడింది. గుర్రాన్ని చూసుకొనే సాయీసు అన్న మాట ఆ ధాతువు నుండి వచ్చినదే. ధర్మశాస్త్రవేత్తలు ఆ పదాన్ని ప్రజల బాగోగుల కోసం వ్యవహారాలను చక్కబెట్టడం అన్న అర్థంలో గ్రహించారు. ఇమామ్ ఇబ్ను తైమియ్యా తన ప్రసిద్ధ గ్రంథానికి షరీఅత్‌కు అనుగుణమైన సియాసత్ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దానికి ఆయన పునాదిగా తీసుకొన్నది అమానత్తులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న దైవాజ్ఞను.

కనుక పర్యావరణం నుండి రాజకీయాన్ని వేరు చేయండి అన్న వాక్యాన్ని ఉర్దూలోకో అరబ్బీలోకో అనువదించేవాడు ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. పార్టీ తగాదాను వేరు చేయమంటే ఒక అర్థం, సియాసత్‌ను వేరు చేయమంటే మరొక అర్థం. మొదటిది హితవు. రెండవది అమానత్తును యజమాని లేకుండా వదిలివేయడం.

ఇటువంటి చిక్కే బఖరా సూరాలోని 205వ ఆయతును తర్జుమా చేసేటప్పుడు ఎదురవుతుంది. పంటను, సంతతిని నాశనం చేస్తూ భూమిలో ఫసాద్ రేపేవాణ్ణి ఆ ఆయతు వర్ణిస్తుంది. అందులోని తవల్లా అన్న క్రియకు వ్యాఖ్యాతలు రెండర్థాలు చెప్పారు. వెనుదిరిగి పోయినప్పుడు అన్నది ఒకటి, అధికారం చేతికి వచ్చినప్పుడు అన్నది రెండవది. అఖ్నస్ బిన్ షరీఖ్ అనేవాడు ముస్లింల చేనును తగులబెట్టి గాడిదలను నరికిన సందర్భంలో ఇది అవతరించిందన్న కథనం మొదటి అర్థాన్ని బలపరుస్తుంది. మౌలానా మౌదూదీ తన ఉర్దూ తర్జుమాలో రెండవ అర్థాన్ని స్వీకరించారు. ఏ అర్థాన్ని గ్రహించినా వాక్యం చెడదు. ఒక మనిషి దుర్బుద్ధితో చేసే నాశనం, ఒక పాలకుడు అధికారబలంతో చేసే నాశనం రెండూ ఒకే క్రియాపదంలో ఇమిడి ఉన్నాయి. ఆ పదాన్ని రెండుగా చీల్చి, ఒక సగాన్ని మస్జిదుకు, రెండవ సగాన్ని కచ్చేరీకి పంచిపెట్టడం వ్యాఖ్యాతల సంప్రదాయం కాదు.

నస్ర్ గ్రంథం: బలం, కొరత

ఆధునిక కాలంలో ఈ విషయంపై వెలువడిన తొలి ముస్లిం రచనలలో సయ్యద్ హుసైన్ నస్ర్ గ్రంథం ముఖ్యమైనది. 1966లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1968లో పుస్తకరూపం దాల్చాయి. పర్యావరణ సంక్షోభానికి పాశ్చాత్య క్రైస్తవ దృక్పథమే మూలమని చరిత్రకారుడు లిన్ వైట్ వ్రాసిన వ్యాసం 1967లో అచ్చయి పెద్ద దుమారం రేపింది. నస్ర్ అంతకు ముందే ఇది ఆత్మిక సంక్షోభమని గుర్తించారు. ప్రకృతిని దైవసూచనల గ్రంథంగా చదవడం మానివేసి, దానిని ప్రాణంలేని ముడిసరుకుగా చూసే విద్య ప్రబలినందున ఈ దుర్గతి పట్టిందని ఆయన వాదం. యంత్రాలకు మరమ్మతులు చేసినంత మాత్రాన రోగం కుదరదని హెచ్చరించారు. పర్యావరణం అన్న మాట నలుగురి నోటా పడకముందే ఇంత దూరం చూడగలగడం సామాన్యం కాదు.

అయితే ఆ గ్రంథంలో అధికభాగం విజ్ఞానశాస్త్ర చరిత్రకు, తత్త్వవిచారానికి వినియోగింపబడింది. నీరు ఎవరిది, పచ్చిక ఎవరిది, నది పక్కన కర్మాగారం కట్టుకొన్నవాడు దిగువ ఊరికి ఏమి బాకీ పడతాడు అన్న ప్రశ్నలు దాని పరిధిలోకి రావు. తత్త్వగ్రంథం నుండి ఫిఖ్హ్‌ను ఆశించడం న్యాయం కాదని అనవచ్చు. కాని పాఠకుడు మిగిలిన ప్రశ్నకు జవాబు ఎక్కడ వెదుక్కోవాలి? రోగం ఆత్మది మాత్రమే అయితే దిగువ ఊరిలో విషం కలిసిన నీరు త్రాగే తల్లి, ఎగువన ఉన్నవాడి ఆత్మ శుద్ధి అయ్యేదాకా ఎదురుచూడవలసి వస్తుంది.

ఫిఖ్హ్ ఏమంటుంది

ఈ కొరతను తీర్చడానికి జరిగిన ప్రయత్నాలలో 1983 నాటి చిన్న గ్రంథం ఒకటి. ప్రకృతి పరిరక్షణలో ఇస్లామీయ సూత్రాలను గూర్చి బా ఖాదిర్ ప్రభృతులు నలుగురు విద్వాంసులు వ్రాయగా, సౌదీ అరేబియా పర్యావరణ శాఖ, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కలిసి దానిని ప్రకటించాయి. 1994లో విస్తరించిన ప్రతి వచ్చింది. నస్ర్ గ్రంథానికి ఉన్న లోతు దీనికి లేదు. కాని నస్ర్ తాకని చోట ఇది చేయి పెట్టింది. హిమా, హరీమ్, హిస్బా, బంజరు సాగు మొదలైన ప్రకరణాలను బయటకు తీసి, ఒకరికి హాని చేయరాదు, ప్రజాహితం వ్యక్తిహితం కన్న ముందు అన్న సూత్రాలతో ముడిపెట్టింది.

మద్రసాలో చదివినవారికి ఈ ప్రకరణాలు కొత్తవి కావు. బావి తవ్వినవాడికి చుట్టూ 40 మూరల హరీమ్ ఉంటుందని, ఊటకు 500 మూరలని హనఫీ గ్రంథాలలో చదువుకొంటారు. ఆ హద్దులో మరొకరు వచ్చి బావి తవ్వరాదు. మావర్దీ తన రాజ్యాంగ గ్రంథంలో హిమాకు, బంజరు సాగుకు, హిస్బాకు వేర్వేరు ప్రకరణాలు కేటాయించారు. ఈ నియమాలను ఆయన వ్రాసింది వ్యక్తి సద్గుణాలను గూర్చిన పుస్తకంలో కాదు, పాలకుని బాధ్యతలను గూర్చిన పుస్తకంలో.

అబ్యద్ బిన్ హమ్మాల్ (ర) ఉదంతం ఇక్కడ స్మరణీయం. ఆయన మఆరిబ్‌లోని ఉప్పు గనిని కోరగా దైవప్రవక్త (స) ఇచ్చివేశారు. ఆయన వెళ్ళిన తరువాత, అది ఎన్నటికీ తరగని నీటివంటిదని సభలోని ఒకరు విన్నవించగా ఆ దానాన్ని వెనుకకు తీసుకొన్నారు. అబ్యద్ (ర) దురాశాపరుడని ఎవరూ అనలేదు. ఆయన అడిగింది దొంగచాటుగా కాదు. అయినా అందరూ వాడుకొనే వస్తువు ఒకరి చేతిలో ఉండరాదని నిర్ణయం జరిగింది. కోరినవాని ఈమాన్ ఎటువంటిదన్న ప్రశ్నే అక్కడ తలెత్తలేదు.

హునై అందుకొన్న ఆదేశం

ఈ విషయంలో నిర్ణాయకమైన ప్రమాణం సహీహ్ బుఖారీలో ఉన్నది. హజ్రత్ ఉమర్ (ర) తమ సేవకుడు హునైను హిమా మీద, అనగా ప్రభుత్వం కాపాడే పచ్చిక బీడు మీద, అధికారిగా నియమించారు. ముస్లింల పట్ల మెత్తగా ఉండమని, పీడితుని మొరకు భయపడమని చెప్పారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవాడిని లోపలికి రానీయమన్నారు. ఇబ్ను ఔఫ్, ఇబ్ను అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానీయవద్దన్నారు. వారి పశువులు చచ్చిపోతే వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి పశువులు చచ్చిపోతే అతడు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి ఖలీఫా ముందు నిలబడతాడు. అప్పుడు వెండిబంగారాలు ఇవ్వడం కన్న ఇప్పుడు నీరు, పచ్చిక ఇవ్వడం తేలిక అని వివరించారు. ఈ కట్టడి వల్ల తమకు అన్యాయం జరిగిందని ఆ నేల ప్రజలు భావిస్తున్న సంగతిని కూడా ఆయన దాచలేదు.

ఆ ఇద్దరూ ఎవరు? అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (ర). జీవించి ఉండగానే స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలోని వారు. దానధర్మాలలో వారి పేర్లు నేటికీ సామెతల వంటివి. వ్యక్తి నైతికత ఒక్కటే చాలునని ఎవరి విషయంలోనైనా అనగలిగితే వారి విషయంలో అనవలసింది. అయినప్పటికీ కంచె వారి మందలకే అడ్డుపడింది. హజ్రత్ ఉమర్ (ర) వారి ఈమాన్‌ను శంకించి ఆ పని చేయలేదు. పెద్ద మంద ఎంతటి పుణ్యాత్ముడిదైనా పచ్చికను మేస్తుంది. బీడుకు పశువుల లెక్క ముఖ్యం, యజమాని సుగుణాలు కాదు.

పర్యావరణంపై వచ్చే ఏ ముస్లిం రచనకైనా ఇది మంచి గీటురాయి. ఆ రచన ఎవరిని తగ్గించుకోమంటున్నది? వుజూ చెంబు పట్టుకొన్నవాడినా, మందలు ఉన్నవాడినా? చెంబు వాడినే హెచ్చరించి మందల వాడిని వదిలివేసే రచన ఎంత భక్తితో వ్రాసినదైనా హజ్రత్ ఉమర్ (ర) ఆదేశాన్ని తలక్రిందులు చేసినట్లే.

కంచె తీసివేసినప్పుడు ఏమి జరుగుతుందో అరేబియా చరిత్రలోనే ఉన్నది. తెగల అధీనంలో తరతరాలుగా నిలిచిన హిమాలను 1950 దశకంలో సౌదీ ప్రభుత్వం రాజాజ్ఞ ద్వారా అందరికీ తెరిచివేసింది. అనేక బీళ్ళు మితిమీరిన మేత వల్ల పాడైపోవడానికి అది ఒక ముఖ్య కారణమని పచ్చిక నిపుణులు నిర్ధారించారు. ఆ కొద్ది ఏండ్లలో కాపరుల ఈమాన్ తరిగిపోలేదు. వారి నమాజులు, ఉపవాసాలు ఎప్పటివలెనే సాగాయి. తరిగినది హద్దు మాత్రమే.

ప్రకటన, ఫత్వా

2015 ఆగస్టులో ఇస్తాంబూల్‌లో సమావేశమైన ముస్లిం విద్వాంసులు, సంస్థల ప్రతినిధులు వాతావరణ మార్పుపై ఒక ప్రకటన చేశారు. దాని ప్రధాన గుణం ధైర్యం. సంపన్న దేశాలు, చమురు ఉత్పత్తి చేసే దేశాలు ముందుగా నడుం కట్టాలని, ఈ శతాబ్ది మధ్యనాటికైనా తమ హరితగృహ వాయువుల విసర్జనను అంతం చేయాలని అది కోరింది. చమురు ఉత్పత్తి చేసే ప్రధాన దేశాలలో అనేకం ముస్లిం దేశాలే కనుక ఈ మాట ఇంటివారికే చెప్పిన మాట. వ్యాపార సంస్థలను కూడా అది వదలలేదు. గీటురాయి మీద ఈ ప్రకటన నిలుస్తుంది. మందలు ఉన్నవాడి పేరు అందులో ఉన్నది.

దాని లోపం మరొక చోట ఉన్నది. ప్రకటన పిలుపు ఇస్తుంది, హుక్ము చెప్పదు. తొలిభాగంలో సృష్టిని గూర్చిన ఆయతులు, చివరిభాగంలో ప్రభుత్వాలకు విజ్ఞప్తులు ఉన్నాయి. ఈ రెంటి నడుమ ఏది వాజిబ్, ఏది హరామ్, హాని చేసినవాడు ఏమి చెల్లించాలి అనే ఫిఖ్హ్ విచారణ ఉండవలసిన చోటు ఖాళీగా ఉన్నది. అందుచేత విశ్వాసి దానిని రాజకీయ పత్రంగా చదివి పక్కన పెట్టగలడు, పాలకుడు దానిని ధార్మిక పత్రంగా చదివి పక్కన పెట్టగలడు.

ఇండొనేషియా ఉలమా మండలి 2016లో ఇచ్చిన ఫత్వా ఈ ఖాళీని కొంత పూరించింది. అంతకు ముందటి సంవత్సరం ఆ దేశంలో అడవులు, బురదనేలలు దాదాపు 26 లక్షల హెక్టార్ల మేర తగులబడ్డాయి. పొగ పొరుగు దేశాలను సైతం కమ్మివేసింది. నేలను చదును చేయడానికి నిప్పు పెట్టడమే ఆ మంటలకు ముఖ్య హేతువు. ఇతరులకు హాని కలిగేలా అడవిని, నేలను తగులబెట్టడం హరామ్ అని ఫత్వా నిర్ణయించింది. అంతటితో ఆగక, తగులబెట్టడానికి తోడ్పడటం, చూస్తూ ఊరకుండటం, దాని నుండి లాభం పొందడం కూడా హరామ్ అన్నది. అగ్గిపుల్ల గీసిన కూలీ, కళ్ళు మూసుకొన్న అధికారి, దూరనగరంలో లాభం లెక్కపెట్టుకొన్న యజమాని ముగ్గురూ ఒకే హుక్ము క్రిందికి వచ్చారు. ఆ ఫత్వాకు న్యాయస్థానంలో శిక్ష విధించే బలం లేదన్నది నిజమే. కాని వ్యక్తి నీతికీ పాలనకూ మధ్య గోడ కట్టకుండా ఒకే వాక్యంలో పాపాన్నీ బాధ్యతనూ నిర్ణయించడం ఎలాగో అది చూపింది.

జంట జలాశయాల హరీమ్

తెలుగు పాఠకునికి ఈ చర్చ దూరదేశపు ముచ్చటగా తోచనవసరం లేదు. 1908లో మూసీ నది వరద హైదరాబాదును ముంచివేసిన తరువాత నగర రక్షణకు, త్రాగునీటికి కట్టినవి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తి అయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతంలో పది కిలోమీటర్ల మేర కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధిస్తూ ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996లో 111వ నెంబరు జీ.ఓ. జారీ చేసింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. అక్కడ ఒక నూనె కర్మాగారానికి ఇవ్వబోయిన మినహాయింపు 2000లో సుప్రీం కోర్టు ముందు నిలువలేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వం 69వ నెంబరు జీ.ఓ. ద్వారా ఆ ఆంక్షల సడలింపుకు పూనుకొన్నది.

ఫిఖ్హ్ చదివినవారు ఆ పది కిలోమీటర్లను చూడగానే దాని పేరు చెప్పగలరు. అది హరీమ్. 40 మూరల సూత్రమే ఒక మహానగరం కొలతకు పెరిగింది. ఆ గ్రామాలలో భూమి ఉన్న రైతు తన పొలం విలువ పెరగక నష్టపోయానని అంటే ఆ ఫిర్యాదు కూడా నిరాధారం కాదు. హిమా వల్ల అన్యాయం జరిగిందని భావించిన ప్రజల మాటను హజ్రత్ ఉమర్ (ర) దాచనట్లే దానిని కూడా వినాలి, న్యాయమైన పరిహారం ఆలోచించాలి. ఏ పార్టీ ఆ జీ.ఓ. తెచ్చింది, ఏ పార్టీ సడలించింది అన్న తగాదాలో మస్జిదు తలదూర్చనవసరం లేదు. కాని నీటికి హరీమ్ ఉండాలా వద్దా అన్నది పార్టీ ప్రశ్న కాదు. దానిపై మౌనం వహించి, కొళాయి కట్టివేయమని మాత్రమే బోధించే ఖతీబు తాను చదివిన ఫిఖ్హ్‌లోని ఒక ప్రకరణాన్ని మరచినవాడవుతాడు.

ఉపసంహారం

విశ్వాసాన్ని పార్టీల నుండి కాపాడుకోవాలన్న ఆతురత సమంజసమైనది. నైతికతను ప్రభుత్వ ఉత్తర్వుల కోసం వాయిదా వేయరాదన్నదీ సమంజసమే. ప్రళయ ఘడియలో మొక్క నాటేవాడు ఎవరి అనుమతి కోసమూ నిలబడడు. అయితే ఆ మొక్క మానై, వనమై, దాని క్రింద ఊట పుట్టినప్పుడు అది అందరిదవుతుంది. అందరిదైన దానికి హద్దు, కావలి, తీర్పు కావాలి. ఆ పనిని షరీఅత్ సియాసత్ అన్నది, దానిని అమానత్తుగా పాలకుని మెడకు చుట్టింది. నస్ర్ హృదయాన్ని చూపించారు, 1983 నాటి విద్వాంసులు నియమాన్ని గుర్తు చేశారు, ఇస్తాంబూల్ ప్రకటన బాధ్యులను పేర్కొన్నది. ఈ మూడింటినీ ఒక్కచోట కూర్చి, నేటి నదులకు, జలాశయాలకు, గాలికి వర్తించే ఫిఖ్హ్ గ్రంథాన్ని తయారు చేయడం ఉలమా ముందున్న పని. తెలుగులో ఆ పని ప్రారంభించేవారు హునైకి అందిన ఆదేశాన్ని మొదటి పుటలో ఉంచుకోవడం మంచిది.